ఉడుంపట్టు వెనుక కథ



"ఉడుమూ వద్దు, చెయ్యి విడిస్తే చాలు" అన్న సామెత మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. తరగతిలో ఈ మాట చెబితే తమిళ పిల్లలు 'ఉడుంబు' అంటారు, కన్నడ పిల్లలు 'ఉడ' అంటారు. మరాఠీలో మాత్రం పేరు వేరు, ఘోర్పడ్. ఆ పేరు చుట్టూ ఒక కోట కథ అల్లుకుంది.

1670 ఫిబ్రవరిలో శివాజీ సేనాని తానాజీ మాలుసరే పుణె దగ్గరి కొండాణా కోటను రాత్రివేళ ముట్టడించి, ఆ పోరులోనే ప్రాణం విడిచాడు. నేటి సింహగడ్ అదే. యశవంతి అనే ఉడుము నడుముకు తాడు కట్టి పైకి వదిలారనీ, ఆ తాడు పట్టుకుని సైనికులు ఎక్కారనీ జనం చెప్పుకుంటారు. బళ్ళారి వైపు సండూరు సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే వంశం పేరుకూ ఇలాంటి కథే ఉంది. అది ఇంకా పాతది.

మరి ఇది జరిగే పనేనా? ఐదడుగుల ఉడుమైనా ఏడెనిమిది కిలోలకు మించి తూగడం అరుదు. నిలువెత్తు మనిషి బరువును అదెలా ఆపుతుంది? తాళ్ళ నిచ్చెనలతో ఎక్కారన్నదే నమ్మదగిన మాట. అయితే పట్టు మాత్రం అబద్ధం కాదు. రాతి సందులో దూరిందంటే గోళ్ళు దిగేసి, గాలి పీల్చి ఒళ్ళు ఉబ్బించుకుంటుంది. తోక పట్టి లాగినా రాదు.

ఈ బలమే దాని ప్రాణానికి ముప్పు తెచ్చింది. మాంసం తింటే సత్తువ అన్నారు, కొవ్వు కీళ్ళనొప్పులకు మందన్నారు. చర్మం సంచులకూ బెల్టులకూ పోయింది, కచేరీల్లో మనం చెవులప్పగించి వినే కంజీరకూ పోయింది. ఇప్పుడు మేకతోలు కంజీరలూ ఉన్నాయి. మగ ఉడుము జననాంగాన్ని ఎండబెట్టి 'హత్థా జోడీ' అనే అదృష్టపు వేరని అమ్ముతున్న మోసం 2017లో బయటపడింది. కొన్నవాళ్ళు దాన్ని దేవుడి గూట్లో పెట్టి పూజ చేశారు పాపం!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉడుము ఉంది. 2022 సవరణ తర్వాతా అక్కడే ఉంది. చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు.

కోడిగుడ్లు తింటుందన్న ఫిర్యాదు నిజమే. కానీ ఎక్కువగా తినేది పురుగుల్ని, ఎలుకల్ని. చెదపుట్టను తవ్వి గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్ళిపోతుంది. ఇంట్లో దూరితే అరిష్టమని కర్ర తీసేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. అటవీ శాఖకు కబురు చేస్తే పట్టుకెళ్ళి అడవిలో విడిచిపెడతారు.