బెంగుళూరు వీథివృక్షములు

ఉద్యాన నగరమను పేరు బెంగుళూరునకు ఒక్కనాట వచ్చినది కాదు. 1760 ప్రాంతమున హైదరాలీ లాల్‌బాగు తోటను ప్రారంభించెను. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనమైనది. అయినను తోట గోడ దాటి చెట్లు వీథులకు వచ్చిన కథ వేరు. తరతరములుగా ఇచ్చట కాపురమున్న తెలుగువారము ఆ నీడలోనే పనులకు పోవుచున్నాము గనుక, ఆ కథ చెప్పుట యుచితమని తలచితిమి.

1908లో క్రుంబిగల్ అను జర్మను ఉద్యాననిపుణుడు బరోడా నుండి వచ్చి లాల్‌బాగు బాధ్యత వహించిరి. 1932 వరకు ఆ పదవిలో నుండిరి. వారి యోచన చిత్రమైనది. ఒక వీథి చెట్లు పూలు రాల్చుచుండగా మఱొక వీథి చెట్లు పూయవలెను. ఏడాది పొడవున ఊరిలో ఎచ్చటనో యొకచోట పూవుండవలెను. ఉగాది నాళ్లలో జాకరండా ఊదాపూలు నేల పఱచుకొనుటయు, ఆ వెనుక తురాయి ఎఱ్ఱబాఱుటయు నేటికిని చూచుచున్నాము.

తరువాత ఊరు పెరిగినది, చెట్లు తగ్గినవి. 1976లో అనుమతి లేక చెట్టు కొట్టరాదని రాష్ట్రమున చట్టము వచ్చెను. 1982 మొదలు అటవీ అధికారి నెగినహాళ్ గారు అయిదేండ్లలో సుమారు 15 లక్షల చెట్లు నాటించిరి. ఇంతవరకు చరిత్రకారులందఱు వ్రాయుదురు. నాటిన పిదప వానిని చూచుకొన్న తోటమాలుల పేర్లు మాత్రము ఎచ్చటను కానరావు. రైలు శాఖలో పనిచేయు మాకిది క్రొత్త కాదు. క్రొత్త లైను ప్రారంభమునకు పూలదండలు వేయుదురు; ఆ లైను నిలుచుట మాత్రము దినదినము పట్టాల వెంబడి నడచి చూచు గ్యాంగుమనుష్యుని వలన.

చెట్టునకు చేటు చడిచప్పుడు లేక వచ్చును. బదనికను చూడుడు. ఒక చిన్నపిట్ట దాని పండు తిని జిగురు గింజను కొమ్మకు రాచి పోవును. గింజ అచ్చటనే మొలిచి, బెరడులోనికి వేరు దింపి, చెట్టు నీటిని త్రాగును. పచ్చగా నుండుటచేత చూచువారు చెట్టే కళకళలాడుచున్నదని భ్రమపడుదురు. బదనికను పెఱికిన చాలదు, మరల చిగిర్చును. కాయ పండకమునుపే అది పట్టిన చోటునకు క్రిందుగా కొమ్మను కోయవలెను.

కోతయు తెలిసి కోయవలసినదే. పూర్వము కోసిన గాయమునకు తారు పూసెడివారు. అమెరికాలో అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను కోసి లోపల పరీక్షించి, చెట్టు గాయమును మాన్పుకొనదు, దాని చుట్టు లోపల గోడ కట్టుకొనునని 1970 దశకమున తేల్చెను. కొమ్మ మొదట ఉబ్బియుండు మెడను విడిచి కోసినచో ఆ గోడ చక్కగా కట్టుకొనును; గొడ్డలితో ఇష్టము వచ్చినట్లు నఱికినచో బూజు లోనికి పోవును. విద్యుత్తు తీగల క్రింద చెట్లను సగము చెక్కి విడుచుట మాకు ఏ మాత్రము నచ్చదు. ఇక మొదలు చుట్టు సిమెంటు పోసి, కాలువకని వేళ్లు నఱికినచో, మామిడి జల్లుల గాలికే చెట్టు కూలును. మొదట గట్టి గొడుగువంటి పుట్టకొక్కు కనబడిన చెట్టు లోపల అప్పటికే చాల పుచ్చియుండును. అట్టిచెట్టు క్రింద బండి నిలుపరాదు.

మన పచ్చడికి పూవునిచ్చు వేపకును తెగులు కలదు. కొమ్మల కొనలనుండి ఎండుచు వచ్చు ఈ తెగులు బూజునకు 1997లో కర్ణాటక పరిశోధకులే శాస్త్రీయనామము పెట్టిరి. 2021లో తెలంగాణమున ఊరూర వేపలు మాడినట్లు కనబడి, జనులు భయపడి కొట్టివేయ జూచిరి. అట్లు కొట్టనక్కఱలేదు. ఎండిన రెమ్మలను కొంత పచ్చిభాగముతో కలిపి కోసి కాల్చవలెను. ఆ యేడు ఎండిన వేపలలో చాలవఱకు మరల చిగిర్చినవి.