ఇంటింటి వానకొలత

వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికిని తెలియవని మనలో ఒక సామెత కలదు. రానున్న వాన సంగతి అట్లుండనిండు. వచ్చి వెళ్లిన వాన ఎంతయో మనకు తెలియునా? తెల్లవారి లేచి పెరటిలోని రోలు నిండినదా అని చూచువారు కొందరు. చేనిలో మట్టి పెళ్లగించి పదును బెత్తెడు దిగినదా, జానెడు దిగినదా అని చూచువారు కొందరు. ఈ గుర్తులు సేద్యమునకు పనికివచ్చునవే. కాని రోలు అడుగున సన్నము, పైన వెడల్పు. ఒక ఇంటి రోలువలె మరియొక ఇంటి రోలుండదు. నల్లరేగడిలో దిగినట్లు ఇసుక నేలలో పదును దిగదు. ఈ ఊరి వానను ఆ ఊరి వానతోను, ఈ ఏటి వానను తాతలనాటి వానతోను పోల్చి చూచుటకు ఇట్టి గుర్తులు చాలవు. అందరకు ఒకే కొలత కావలెను.

ఆ కొలతను ఇచ్చునది వర్షమాపకము. కురిసిన నీరు ఇంకక, పారక, ఆవిరికాక పడినచోటనే నిలిచియున్నచో నేలపై ఎంత లోతుండునో, ఆ లోతే వర్షపాతము. గరాటు గుండా సీసాలోనికి దిగిన నీటిని గీతలుగల గాజుపాత్రలో పోసి చదివిన చాలును. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది ఒక లీటరు నీరు. ఎకరము పొలములో ఒక అంగుళము కురిసినచో లక్ష లీటర్లకు పైగా నీరు పడినట్లు.

వానను కొలుచుట మన దేశమునకు క్రొత్త కాదు. కొట్టారము ముందు మూరెడు వెడల్పుగల పాత్రను ఉంచి వానను కొలువవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. మెట్ట సీమలకు 16 ద్రోణముల వాన అని లెక్క చెప్పి, అశ్మక దేశపు వానను గూడ అది పేర్కొనినది. ఆ అశ్మకమునకు నేటి తెలంగాణములోని బోధన్ రాజధాని యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. కొరియా దేశములో 1441వ సంవత్సరము నాటికే వానకొలత పాత్రను రూపొందించి, తరువాత దానిని ఊరూర నెలకొల్పిరి. అయితే ఇవన్నియు రాజు పనుపున, పన్నుల కొరకును పంటల లెక్కల కొరకును జరిగిన కొలతలు. ఎవరును ఆజ్ఞాపింపకయే ఇరుగుపొరుగువారు తమంత తాము వానను కొలిచి, ఆ అంకెలను ఒకచోట చేర్చిన కథ ఇంగ్లండులో జరిగినది.

ఆ కథకు ముందు ఒక చిక్కు చెప్పవలెను. 1766వ సంవత్సరములో లండనులో విలియం హెబెర్డెన్ అను వైద్యుడు మూడు వర్షమాపకములు పెట్టెను. ఒకటి నేలమీద, ఒకటి ఇంటికప్పు మీద, ఒకటి వెస్ట్‌మినిస్టరు దేవాలయపు కప్పు మీద. ఏడాది గడచుసరికి నేలమీది దానిలో 22 అంగుళములు దాటినది. ఇంటికప్పు మీద 18 అంగుళములే. దేవాలయము మీద 12 అంగుళములే! ఒకే వాన, ఒకే పేట, మూడు లెక్కలు. ఎత్తు పెరిగినకొలది వాన తగ్గునా? మేఘమునకు దగ్గరైనచోట వాన తక్కువ పడుటేమి? దాదాపు నూరేండ్లు పండితులు తర్కించిరి. 1861లో స్టాన్లీ జెవన్స్ దీనిని చక్కగా వివరించెను. తక్కువైనది వాన కాదు, పాత్రలో పడిన నీరు. గాలి పాత్ర అంచుకు కొట్టుకొని పైకి లేచి, చినుకులను ప్రక్కకు మోసికొనిపోవును. ఎత్తున గాలి ఉధృతము కావున నష్టమును ఎక్కువ. పరికరమును ఎక్కడ పెట్టవలెనో తెలియనిదే దాని అంకెకు విలువ లేదని దీనివలన తేలినది.

ఇంగ్లండులో 1854 మొదలు కొన్నియేండ్లు వానలు బాగుగా తగ్గినవి. దేశమున వాన శాశ్వతముగా తగ్గిపోవుచున్నదా యను భయము పుట్టినది. నగరములకు నీరు తెచ్చు ఇంజనీర్లకు, మిల్లులవారికి, రైతులకు ఈ ప్రశ్న ప్రాణప్రశ్న. జవాబు చెప్పుటకు కావలసిన అంకెలు మాత్రము ఎవరి ఇంటి పుస్తకములో వారివి చెల్లాచెదరుగా ఉండెను. జార్జి జేమ్స్ సిమన్స్ అను యువకుడు ఈ పని తలకెత్తుకొనెను. 1860లో ఆతనికి 22 ఏండ్లు. ఆ ఏటి వాన లెక్కలను 168 చోట్లనుండి సేకరించి అచ్చువేసెను. వాతావరణ శాఖలో ఉద్యోగము ఉండెను గాని, వానలెక్కల పనికి కాలము చాలక 1863లో దానిని వదలుకొనెను!

పత్రికలలో లేఖలు వ్రాసి, కొలుచువారు ముందుకు రావలెనని ఆతడు కోరెను. చర్చి గురువులు, వైద్యులు, భూస్వాములు, వారి తోటమాలులు, గృహిణులు ముందుకు వచ్చిరి. వీరికి జీతము లేదు. పైగా ముద్రణ ఖర్చులకు చందా యిచ్చినవారును కలరు. లండనులో కామ్డెన్ స్క్వేరునందలి సిమన్సు ఇల్లే కార్యాలయము. అందరును ఒకే పద్ధతిని అవలంబింపవలెను గదా! ఏ పాత్ర మంచిది, ఎంత వెడల్పు ఉండవలెను, ఎంత ఎత్తున పెట్టవలెను అను విషయమై కర్నలు వార్డు తన ఆవరణలోను, గ్రిఫిత్ అను మతగురువు తన ఊరిలోను చిన్నవి పెద్దవి పాత్రలను వరుసగా పెట్టి ఏండ్ల తరబడి పరీక్షించిరి. మరీ చిన్నది కానిచో వెడల్పువలన తేడా స్వల్పమేయనియు, ఎత్తువలననే తేడా అధికమనియు తేలినది. కావున అయిదు అంగుళముల పాత్ర, అంచు నేలకు ఒక అడుగు ఎత్తున, ఉదయము 9 గంటలకు కొలత అను నియమము స్థిరపడినది.

ఇట్లు అల్లిన వలలో దేశపు వాన స్వరూపము కనబడసాగెను. తూర్పు సీమలలో ఏటికి పాతిక అంగుళములైన పడని చోట్లుండగా, వాయవ్యమున కొండల నడుమనున్న సీత్‌వెయిట్ అను పల్లెలో 130 అంగుళముల వరకు కురియునని రూఢియైనది. నగరములకు జలాశయము ఎక్కడ కట్టవలెను, ఎంత నీరు నమ్ముకొనవచ్చును అను లెక్కకు ఈ పల్లెటూరి అంకెలే ఆధారమైనవి. 1900లో సిమన్సు మరణించునాటికి కొలుచు చోట్లు మూడువేలు దాటినవి. 1919లో ఈ సంస్థను ప్రభుత్వ వాతావరణ శాఖ స్వీకరించినది.

మన ఆంధ్రమునందును ఇంటివద్ద శాస్త్రమును పెంచిన పెద్దలు లేకపోలేదు. విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావు 1840లో తన ఇంటివద్దనే వేధశాలను నెలకొల్పెను. ఆయన అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడపెను. నక్షత్రములతోపాటు వాతావరణ పరిశీలనమును అక్కడ జరిగెను.

ఇంత జరిగినను, ఊరికొక పాత్ర చాలునా? 1997 జూలై 28న అమెరికాలో కొలరాడో రాష్ట్రమునందలి ఫోర్టు కాలిన్సు పట్టణమును వరద ముంచి ఐదుగురి ప్రాణములు తీసినది. తరువాత ఇంటింట విచారింపగా, పట్టణపు పడమటి అంచున 30 గంటలకు పైబడిన కాలములో 14 అంగుళములకు పైగా కురియగా, అదే పట్టణమున మరియొక వైపున రెండు అంగుళములైన కురియలేదని తెలిసినది. కుండపోత ఎక్కడ పడినదో ముందే తెలిసినచో ఎంత మేలగును! అక్కడి విశ్వవిద్యాలయమునందలి నోలన్ డోస్కెన్ ఈ సంఘటనను గుర్తుంచుకొని 1998లో ఇరుగుపొరుగువారి వానకొలత సంఘమును ఆరంభించెను. నాలుగు అంగుళముల ప్లాస్టిక్ పాత్ర, రోజూ ఒక చూపు; అంతే పని. ఆ సంఘము దేశమంతట వ్యాపించినది.

మన వైపు రైతులును ఇట్టి పని చేసి చూపిరి. 2003 మొదలు కొన్నియేండ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురము, మహబూబ్‌నగర్, ప్రకాశము మొదలగు ఏడు కరవు జిల్లాలలో స్త్రీలు, పురుషులు తామే వానను కొలిచిరి. బావులలో, బోరులలో నీటి మట్టమును పక్షమున కొకసారి చూచిరి. ఆ అంకెలను ఊరి మధ్య గోడపై వ్రాసిరి. రబీకి ముందు అందరు కూర్చుండి, భూమిలో నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్కించిరి. ఎవరిని ఎవరును నిర్బంధింపలేదు. లెక్క కంటబడగానే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లిన రైతులనేకులు. బోరు ఎండిన తరువాత ఏడ్చుటకంటె ముందే తెలిసికొనుట మేలు గదా!

ఇక సిమన్సు ప్రశ్నకు జవాబు. ఆతని సంస్థ దాచిన కాగితములు బ్రిటిషు వాతావరణ శాఖ భాండారములో మిగిలియుండెను. 2020లో కరోనా వ్యాధివలన జనులు ఇండ్లలో ఉండిపోయినపుడు, రెడింగు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడ్ హాకిన్సు ఆ కాగితముల ప్రతిబింబములను ప్రజలకు చూపి, అంకెలను ఎత్తివ్రాయుడని కోరెను. 16 వేల మంది ముందుకు వచ్చి, 65 వేలకు పైగా కాగితములనుండి 50 లక్షలకు పైగా అంకెలను 16 దినములలో ఎత్తివ్రాసిరి. దానితో ఆ దేశపు వానల చరిత్ర 1836 వరకు వెనుకకు సాగినది. లెక్కకు అందిన ఏండ్లన్నిటిలో మిక్కిలి తక్కువ వాన 1855లోనని తేలినది. అనగా సిమన్సు కాలమువారి కలవరము ఉత్త భ్రమ కాదు. ఆ కరవు మాత్రము శాశ్వతము కాలేదు. ఈ రెండు మాటలును చెప్పగలిగినది, ఎన్నడో చనిపోయిన తోటమాలులు, మతగురువులు వ్రాసిపెట్టిన అంకెలు.

పాఠకులలో ఉత్సాహముగలవారు, ముఖ్యముగా విద్యార్థులు, ఈ పనికి పూనుకొనవచ్చును. పాత్ర అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. చెట్లకు, గోడలకు దూరముగా ఉండవలెను. మన దేశపు పద్ధతి ననుసరించి ఉదయము ఎనిమిదిన్నర గంటలకు చూడవలెను. వాన లేనినాడు సున్న వ్రాయుట మరువరాదు. వ్రాయని దినము వాన లేని దినమో, మనము చూడని దినమో తరువాతివారికి తెలియదు. సున్నయు ఒక కొలతయే. ఇరుగింటివారిని, పొరుగింటివారిని కూడ చేర్చుకొనుడు. ఒక ఇంటి అంకె ఆ పెరటి సంగతి మాత్రమే చెప్పును. పది ఇండ్ల అంకెలు ఊరి వానను చెప్పును.