నిద్రపట్టని ముదుసలి – చెవియొగ్గిన మనిషి

భారతమున ఉద్యోగపర్వమునందు ధృతరాష్ట్రునకు నిద్రపట్టని రాత్రి యొకటి కలదు. సంజయుడు పాండవుల యొద్దనుండి వచ్చి, వారి మాట రేపు సభలో చెప్పెదనని వెడలిపోయెను. ఆ రాత్రి గడపలేక వృద్ధరాజు విదురుని పిలిపించెను. వ్యాసభారతమున ఆ ఘట్టమునకు ప్రజాగర పర్వమని పేరు. విదురుని నీతులను మనము వల్లింతుము గాని, ఆ రాత్రి యంతయు ఆయన అన్న ప్రక్కన కూర్చుండెనను సంగతి పట్టించుకొనము.

నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను, వైద్యుడను గాను. ఈ విషయమునకు నన్ను లాగినది మన గ్రంథాలయమే. కొన్నేండ్ల క్రిందట, నిత్యము పత్రికకై వచ్చు పెద్దలొకరు, భార్య పోయిన పిదప రాత్రులు కన్ను మూతపడుట లేదని నాతో ననిరి. "వయసు మీదపడితే ఇంతే కదండీ" అని నేను పద్దుపుస్తకము వైపు తిరిగితిని. తరువాత సంతకముల పుస్తకమున వారి పేరు కనబడుట మానినది. నెల దాటిన పిమ్మట గాని వారి యింటికి పోవలెనని నాకు తోచలేదు. పోయినపుడు వారు మంచము దిగలేదు, నాతో మాటాడనూ లేదు.

మన దేశమున చాలకాలము మనోవ్యాధికి దిక్కు పట్టణములలోని పిచ్చాసుపత్రులే. 1975లో బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థవారు సకలవార గ్రామమునందును, చండీగఢ్ వైద్యులు రాయిపూర్ రాణి ప్రాంతమునందును, పల్లెల ఆరోగ్య కార్యకర్తలకు ఈ పని నేర్పి చూచిరి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము వెలసినది. 1953 వఱకు మన జిల్లాలతోపాటు మద్రాసు రాష్ట్రమున నుండిన బళ్ళారిలో, 1980ల దశకమున, దానిని జిల్లా అంతట అమలుపఱచి చూచిరి. వృద్ధుల దిగులునకై ప్రత్యేకించిన యేర్పాటు మాత్రము అందులో లేదు.

ఆ లోటునకు సమాధానము వెదకినవారిలో గోవా పరిశోధకులు గణనీయులు. అరువదేండ్లు దాటి, దిగులు లక్షణములు పొడసూపియు ఇంకను ముదరని 181 మందిని వారు ఎంచుకొనిరి. సగముమందిని, వైద్యపట్టాలు లేక కేవలము తర్ఫీదు పొందిన సామాన్యుల కప్పగించిరి. వీరు ఉపన్యాసము లీయలేదు. బాధలలో ఒకదానిని ఎన్నుకొనుమనిరి. దానికి గల ఉపాయములు ముదుసలిచేతనే చెప్పించిరి. ఒకటి చేయించి, మరల కలిసి ఏమైనదని అడిగిరి. నిద్రరానివారిని, కునుకు వచ్చినప్పుడే పడక చేరి, ప్రతిదినము ఒకే వేళకు లేవుమనిరి. మధుమేహము వంటి జబ్బులతో మెలగు తీరు నేర్పిరి. సర్కారు సహాయము పొందు దారి చూపిరి.

2019లో ప్రకటించిన ఫలితమిది: ఏడాదిలో, మామూలు వైద్యమే పొందిన 90 మందిలో 13 మంది తీవ్రమైన దిగులు వ్యాధిన బడగా, ఈ తోడు పొందిన 91 మందిలో నలుగురే పడిరి. లెక్కలవాడను గనుక చెప్పుచున్నాను, 181 చిన్న సంఖ్యయే. దానితో దేశమంతయు కొలువరాదు. అయినను ఆ అంతరము తొమ్మండ్రు మనుష్యులు.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వమువారు ఉచిత మానసిక సహాయమునకై 14416 అను టెలిఫోను సంఖ్య నేర్పాటు చేసిరి, తెలుగులోను మాటాడవచ్చును. దానిని సంతకముల పుస్తకము అట్టపై వ్రాసియుంచితిని. లోపల, వారము దినములు పేరు కనబడని పెద్దల యింటికి పోయి చూచువారి కొఱకు ఒక గడి గీసితిని. అందు మొదటి పేరు నాదే. రెండవ వరుస ఇంకను ఖాళీగా నున్నది.