బేరాల పటం ఆటలు

కొనడం, అమ్మడం, అద్దె వసూలు చేయడం, బేరమాడడం ప్రధానంగా సాగే ఇంటి ఆటలివి. కొన్నిటికి పటం, పాచికలు ఉంటాయి. కొన్ని చీట్లతోనే నడుస్తాయి. తెలుగువారికి బాగా తెలిసినది ‘బిజినెస్’ ఆట. పాత కార్ల వ్యాపారం చుట్టూ అల్లిన ‘డీలర్స్ ఛాయిస్’ కూడా ఈ కోవలోదే. దాన్ని 1972లో అమెరికాలోని పార్కర్ బ్రదర్స్ సంస్థ తెచ్చింది.

ఈ ఆటలకు మూలపురుషుడని చాలాకాలం చార్లెస్ డారో పేరు చెప్పుకున్నారు. నిజానికి మూలం ఒక స్త్రీ. భూమి మీద వచ్చే అద్దె కొద్దిమంది చేతుల్లో పోగుపడి మిగతావారిని ఎలా పేదల్ని చేస్తుందో చూపించాలని ఎలిజబెత్ మేగీ ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ను రూపొందించింది. హెన్రీ జార్జ్ భూమి పన్ను సిద్ధాంతం ఆమెకు ప్రేరణ. 1904లో పేటెంటు వచ్చింది. ఆట చేతులు మారుతూ ముప్పై ఏళ్లు తిరిగింది. 1935లో డారో నుంచి ‘మొనాపలీ’గా కొన్న పార్కర్ బ్రదర్స్, మేగీ పేటెంటుకు 500 డాలర్లు ఇచ్చి సరిపెట్టింది. ఆమె అన్యాయమన్న పద్ధతే ఆటలో గెలుపు మార్గమైంది. ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

మొనాపలీని అనుసరించి మన దేశంలో అచ్చయిన ‘బిజినెస్’ పటాల మీద, దానిలోని అట్లాంటిక్ సిటీ వీధుల బదులు ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, హైదరాబాదు వంటి ఊళ్లు వచ్చాయి. అంతకుముందే ఉత్తరాంధ్ర ఇళ్లలో పటం ఆటలకు లోటు లేదు. అష్టాచెమ్మా గళ్లు నేల మీద సుద్దతో గీసేవారు. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు వేసేవారు. అక్కడ కాయను చంపడం, పండించడమే తప్ప సొమ్ము మాట లేదు. బిజినెస్‌తో కాగితం నోట్లు, బ్యాంకు, అద్దె పిల్లల చేతికొచ్చాయి. వేసవి సెలవుల్లో ఈ ఆట గంటల తరబడి సాగేది. అయితే పటం చుట్టూ కాయ తిప్పుతున్నంతసేపూ అది పాచికల ఆటే. ‘నీ హైదరాబాదు నాకియ్యి, నా ఊటీ తీసుకో, పైన వెయ్యి ఇస్తాను’ అన్న మాట ఎవరో ఒకరు తెచ్చాకే అది వ్యాపారమవుతుంది.

ఆ బేరాన్నే ఆటంతా చేసినవి వేరే ఉన్నాయి. 1904లోనే పార్కర్ బ్రదర్స్ తెచ్చిన ‘పిట్’లో పటమూ లేదు, వంతూ లేదు, షికాగో ధాన్యపు విపణిని తలపించేలా అందరూ ఒక్కసారిగా కేకలేస్తూ గోధుమ, బార్లీ చీట్లు మార్చుకుంటారు. డీలర్స్ ఛాయిస్‌లో ఆటగాళ్లంతా పాత కార్ల వ్యాపారులు. కార్ల చీట్లు, బీమా చీట్లు, ధరల పుస్తకం ఉంటాయి. ఆ పుస్తకం వెనుక అసలు వ్యాపారమే ఉంది: లాస్ ఏంజెలెస్‌లో 1926 నుంచి వెలువడిన కెల్లీ బ్లూ బుక్ పాత కార్ల ధరలకు అమెరికాలో కొలమానమైంది. ఆట రావడానికి రెండేళ్ల ముందు, 1970లో, ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ పాత కార్లనే ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశాడు. బండి లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఆ భయంతో కొనేవాడు ధర తగ్గిస్తే మంచి బండ్లవాళ్లు సంతకే రారు. 2001లో ఆయనకు దక్కిన నోబెల్ బహుమతికి ఈ వ్యాసమే ప్రధాన కారణం.

ఈ సూత్రం సిక్కోలు, విజయనగరం రైతులకు పశువుల సంతలో ఎప్పటినుంచో అనుభవమే. కోటబొమ్మాళి మండలం నారాయణవలస, జామి మండలం అలమండ సంతలు ఇందుకు పేరుపడ్డవి. ఎద్దు పళ్లు పట్టి చూస్తారు, సుడులు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. దళారీ తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పడం సంతల్లోని పాత పద్ధతి. పక్కవాడికి అంకె తెలియదు. పాత బండి కొనేవాడు ఇంజను చప్పుడు వినడం, మీటరు తిప్పారేమోనని అనుమానించడం, సి-బుక్కు తిరగేయడం ఈ పరీక్షల వరసలోనివే. సంతకు పటం గీసి ఉంటే మనకు డీలర్స్ ఛాయిస్‌ను మించిన ఆట ఉండేదని చెప్పడానికి సందేహం అక్కరలేదు.

డీలర్స్ ఛాయిస్ తెలుగు ఇళ్లకు అలవాటు కాలేదు. ఆ ఆట పుట్టిన కాలానికి మన రోడ్ల మీద అంబాసిడర్లు, ఫియట్లదే రాజ్యం. కొత్త బండికి ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి. బజాజ్ స్కూటరైతే వాడినదే కొత్తదాని కన్నా ఎక్కువ ధర పలికిన రోజులవి. వాడేకొద్దీ ధర తగ్గుతుందన్న లెక్క మీద కట్టిన ఆట అలాంటి చోట నిలబడదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, 1990లలో కొత్త కంపెనీలు దిగాక కొరత తీరింది. పాత కారు మధ్యతరగతికి అందే సరుకైంది. అప్పటినుంచి బండి నెంబరు కూడా బేరంలో భాగమే: ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం. 2019లో రాష్ట్రమంతటికీ ఉమ్మడిగా ఏపీ 39 రావడంతో, ఆ తర్వాతి బండ్ల నెంబరు చూసి జిల్లా చెప్పడం కుదరదు.