లేబుల్ ఊడిపోయిన సీసాలు

1902 ఫిబ్రవరి 25న న్యూయార్క్ దగ్గర షూటర్స్ ఐలాండ్‌లో ఒక విలాస నౌకకి జలప్రవేశం జరిగింది. పేరు మీటియర్. జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ తన షికార్ల కోసం, పందేల కోసం అమెరికాలో కట్టించుకున్న ఓడ అది. చక్రవర్తి తమ్ముడు ప్రిన్స్ హెన్రీ అట్లాంటిక్ దాటి వచ్చాడు. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హాజరయ్యాడు. ఆయన పద్దెనిమిదేళ్ళ కూతురు ఆలిస్ ఓడకి సీసా కొట్టింది. మనం కొబ్బరికాయ కొడతాం, వాళ్ళు షాంపేన్ కొడతారు. అంతవరకూ బాగానే ఉంది. గొడవల్లా పగిలిన సీసా ఎవరిది అన్న దగ్గర మొదలైంది.

జర్మన్ చక్రవర్తి ఓడ కాబట్టి జర్మన్ మద్యమే వాడాలి. సోన్‌లైన్ కంపెనీ వాళ్ళ రైన్‌గోల్డ్ అందుకు సిద్ధంగా ఉంది. కానీ ఆ రోజు పగిలింది ఫ్రాన్సు వాళ్ళ మోయె ఎ షాందో అని జార్జ్ కెస్లర్ చాటింపు వేశాడు. అమెరికాలో మోయెకి ఏజెంటు ఆయనే. సోన్‌లైన్ వాళ్ళు ఊరుకుంటారా? పత్రికల్లో రచ్చ రచ్చ అయింది, వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది. తర్వాతి ఏడాది వాషింగ్టన్ నుంచి జర్మన్ రాయబారిని వెనక్కి పిలిపించడానికి కూడా ఈ సీసాయే కారణమని షాంపేన్ కథలు చెప్పేవాళ్ళు అంటుంటారు. నాకైతే నమ్మబుద్ధి కాదు. అప్పటికి రెండు దేశాల మధ్యా వెనెజువేలా తగాదా నడుస్తోంది, రాయబారిని మార్చడానికి అది చాలు.

ఈ కథలో నాకు విచిత్రంగా తోచేది ఒకటుంది. ఆ మద్యాన్ని ఎవరూ తాగలేదు. ఒక్క చుక్క కూడా ఎవరి నోట్లోకీ పోలేదు, మొత్తం ఓడ ముక్కు మీంచి కారిపోయింది. అయినా రెండు కంపెనీలు దానికోసం జుట్లు పట్టుకున్నాయి.

(కెస్లర్ గురించి ఇంకొక్క మాట. 1915లో లూసిటానియా మునిగినప్పుడు ఆయన అందులో ఉన్నాడు, బతికి బయటపడ్డాడు. యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం ఒక నిధి మొదలుపెట్టాడు. ఆ సంస్థే ఇవాళ హెలెన్ కెల్లర్ పేరుతో నడుస్తోంది. మనిషిని ఒక్క సీసాతో తూచలేం కదా.)

ఓడకీ షాంపేన్‌కీ ఉన్న సంబంధం కెస్లర్‌తో మొదలైందేమీ కాదు. దానికి ఎనభై ఏళ్ళకి పైగా ముందు, నెపోలియన్ యుద్ధాల వల్ల ఐరోపా రేవులన్నీ మూతపడ్డాయి. రాన్స్ నగరంలో బార్బ్-నికోల్ క్లికో అనే ఆవిడ భర్త చనిపోయాక ఇరవై ఏడేళ్ళ వయసులో వ్యాపారం చేతిలోకి తీసుకుంది. 'వవ్' అంటే ఫ్రెంచిలో విధవరాలు. ఇవాళ పసుపు లేబుల్ మీద మనం చూసే వవ్ క్లికో అనే పేరు ఆవిడదే. 1814లో యుద్ధం ఆగీ ఆగకముందే, పోటీదారులకి పొక్కకుండా, ఆవిడ ఒక డచ్చి ఓడని కుదుర్చుకుంది. 10,550 సీసాలు రుఆన్ రేవు నుంచి కోనిగ్స్‌బర్గ్‌కి బయల్దేరాయి. అవి 1811 నాటి ద్రాక్షవి, ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించిన సంవత్సరంవి. మిగతా కంపెనీల సరుకు చేరేలోపే రష్యా మార్కెట్లో క్లికో పేరు పాతుకుపోయింది. సరుకు మంచిదే, కాదనను. అయితే పేరు నిలబెట్టింది మాత్రం సమయానికి దొరికిన ఆ ఓడ.

తర్వాతి వందేళ్ళలో సీన్ తిరగబడింది. ఓడ సీసాని మోయడం పోయి, సీసా ఓడ పరువుని మోయడం మొదలైంది. అట్లాంటిక్ దాటే పెద్ద ఓడల్లో మొదటి తరగతి మద్యాల పట్టీ చూస్తే షాంపేన్లు ఇంటిపేర్లతో సహా వరసగా ఉంటాయి. 1934లో క్వీన్ మేరీ ఓడకి మాత్రం ఆస్ట్రేలియా వైన్ కొట్టారు. అక్కడ రుచి ప్రసక్తే లేదు, సామ్రాజ్యం సరుకు కాబట్టి కొట్టారు. ఇప్పటి క్వీన్ మేరీ 2 నీళ్ళలోకి వచ్చినప్పుడు అందులోని షాంపేన్ బార్ పేరే వవ్ క్లికో. కొన్నేళ్ళకి అదే బార్ లోరాం-పెరియే పేరుకి మారింది. బల్లలు ఉన్నచోటే ఉన్నాయి, కిటికీలోంచి అదే సముద్రం. గోడ మీద ఇంటిపేరు మారింది.

టికెట్ కొనేటప్పుడు షాంపేన్ రుచి చూడలేం. బ్రోషర్లో దాని పేరు మాత్రం చదవగలం. అందుకే విలాస క్రూయిజుల్లో "షాంపేన్ ఉచితం" అన్న మాట కంటే ఏ ఇంటి షాంపేన్ అన్నదే ముఖ్యం. పేరున్న ఇల్లు పోయి పేరు లేని ఇల్లు వస్తే, ఓడ పరిస్థితి దిగజారిందని పాత ప్రయాణికులు గ్లాసు ఎత్తకముందే తేల్చేస్తారు. షాంపేన్ పోయి ప్రాసెక్కో వస్తే ఇక చెప్పక్కర్లేదు. నిజానికి ప్రాసెక్కోది వేరే దారి. దానికి నురుగు సాధారణంగా పెద్ద తొట్లలో పుడుతుంది, షాంపేన్‌కి ఏ సీసాకి ఆ సీసాలోనే పుట్టాలి. ఖరీదులో తేడా చాలావరకు ఆ చాకిరీదీ, ఆ కాలానిదీ. మా పిన్ని కొడుకు ఒక క్రూయిజ్ ఓడలో బార్ పని చేసి వచ్చాడు. "సీసాకి గుడ్డ చుట్టి పోస్తే, ముందు గుడ్డ తియ్యమంటారు అన్నయ్యా" అన్నాడు.

మరి ఆ గుడ్డ తియ్యకుండా, లేబులే లేకుండా ఇస్తే? ఈ పరీక్షని సముద్రమే ఒకసారి పెట్టింది.

2010లో బాల్టిక్ సముద్రంలో, ఫిన్లాండుకి చెందిన ఆలాండ్ దీవుల దగ్గర, యాభై మీటర్ల లోతున మునిగిన ఒక పాత ఓడలో గజ ఈతగాళ్ళకి 168 సీసాలు దొరికాయి. అవి దాదాపు 170 ఏళ్ళు అక్కడే పడున్నాయి. చలి, చీకటి. పైగా ఆ లోతులో నీటి ఒత్తిడి, సీసా లోపలి గాలి ఒత్తిడి ఇంచుమించు సమానం కాబట్టి కొన్ని బిరడాలు గట్టిగానే నిలిచాయి. లేబుళ్ళు మాత్రం ఎప్పుడో నీళ్ళలో కలిసిపోయాయి. మొదట అందరూ క్లికో అయ్యుంటుందని ఊహించారు. బిరడా అడుగున కాల్చిన ముద్ర చూస్తే జుగ్లార్ అని తేలింది. ఆ పేరు మీరు విన్నారా? నేనూ వినలేదు. ఆ కంపెనీ పేరు 1829 తర్వాత ఇంకో కంపెనీలో కలిసి మాయమైంది. తర్వాత అదే గుట్టలో క్లికో, హైడ్‌సీక్ సీసాలు కూడా బయటపడ్డాయి.

ఫిలిప్ జాందే బృందం వీటిని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించింది. మొదటి వాసన తడిసిన జంతువు బొచ్చులా, జున్నులా ఉందట. గ్లాసులో కాసేపు తిప్పాక పొగ, తోలు, మసాలా దినుసుల వాసన వచ్చిందట. చక్కెర లీటరుకి 150 గ్రాముల దాకా ఉంది, అంటే మనం తాగే కూల్‌డ్రింకు కంటే ఎక్కువ. ఇవాళ బ్రూట్ అని అమ్మే షాంపేన్లో 12 గ్రాములు మించకూడదు. ఆ రోజుల్లో రష్యా వాళ్ళకి 300 గ్రాములు పడాల్సిందే, శ్రీరామనవమి పానకం కూడా దాని ముందు చప్పనే. ఇంగ్లండు వాళ్ళకి అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. ఒకే పేరు మీద దేశానికో రుచి పోసి అమ్మారన్నమాట. ఎప్పుడు ఎక్కడ తాగినా ఒకే రుచి అని ఈ ఇళ్ళు ఇవాళ గొప్పగా చెప్పుకుంటాయి గానీ, అది తర్వాత కుదిరిన సంప్రదాయం.

2011లో ఆలాండ్ రాజధాని మారియాహామ్‌లో వేలం జరిగింది. ఒక క్లికో సీసా 30,000 యూరోలు పలికింది, ఒక జుగ్లార్ 24,000. ఒకే ఓడ, ఒకే బురద, ఒకే చలి. వేలంలో పంతాలూ పట్టింపులూ ఉంటాయి, నిజమే. అయినా ఆ ఆరు వేల తేడాలో ఎక్కువ భాగం బతికున్న పేరుకి కట్టిన ధర అని నేను లెక్కేసుకుంటున్నాను. మాయమైన పేరుకి కూడా 24,000 ఇచ్చారేమిటని మీరు అడగొచ్చు. దాన్ని సముద్రం ఖాతాలో రాయాలి.

ఆ లెక్క క్లికో వాళ్ళకి బాగానే అర్థమైంది. 2014లో అదే ఆలాండ్ తీరంలో, నలభై మీటర్ల లోతున, ఈసారి కావాలనే, 350 సీసాలని బోనుల్లో పెట్టి దించారు. వాటికి జోడుగా మరికొన్నిటిని రాన్స్‌లోని నేలమాళిగల్లో ఉంచారు. కొన్నేళ్ళకోసారి అక్కడొకటీ ఇక్కడొకటీ తెరిచి, పక్కపక్కన పెట్టి రుచి చూస్తారట.