గదులు మూడొందలు.. స్నానాల గదులు పదిలోపే!

లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కి మొదటిసారి వెళ్లినవాళ్లు ఏ కోటో, చర్చో అనుకుని తలెత్తి చూస్తారు. ఎర్ర ఇటుక గోడలు, సూదిమొనల గోపురాలు, ఓ మూలన గడియార స్తంభం. నిజానికి అది రైలు ప్రయాణికుల కోసం కట్టిన హోటల్. అసలు పేరు మిడ్‌ల్యాండ్ గ్రాండ్.

అప్పట్లో బ్రిటన్ రైళ్లన్నీ ప్రైవేటు కంపెనీలవే. మిడ్‌ల్యాండ్ రైల్వే లండన్‌లో అడుగుపెట్టేనాటికే పక్కన కింగ్స్ క్రాస్, కాస్త అవతల యూస్టన్ స్టేషన్లు పాతుకుపోయాయి. వాటిని తలదన్నే హోటల్ కట్టాలని కంపెనీ 1865లో నమూనాల పోటీ పెట్టింది. వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అడిగినదానికన్నా పెద్దది, ఖరీదైనది గీసిచ్చాడు. అయినా ఆయన్నే ఎంపిక చేశారు. ముంబైలోని రాజాబాయి గడియార స్తంభం నమూనా కూడా ఆయనదే.

స్టేషన్ 1868లోనే మొదలైంది. ఇంజినీరు విలియం బార్లో 240 అడుగుల వెడల్పున, మధ్యలో ఒక్క స్తంభమైనా లేకుండా ఇనుప కప్పు వేశాడు. ప్లాట్‌ఫారాల కిందేమో బర్టన్ పట్టణం నుంచి వచ్చే బీరు పీపాల గోదాం. అక్కడి స్తంభాల మధ్య దూరాన్ని పీపాల కొలతను బట్టే లెక్కగట్టారు!

1873 మేలో హోటల్ తెరిచారు. మొత్తం నిర్మాణం పూర్తయింది మాత్రం 1876లో. నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టులు, రెండు పాయలుగా చీలి పైకెళ్లే రాజసమైన మెట్లు చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. అయితే దాదాపు 300 గదులకు స్నానాల గదులు పది కూడా లేవు. పనివాళ్లు తొట్టెలు, వేడినీళ్లు గదులకు మోసేవారు. ఆ రోజుల్లో అది వింతేం కాదు. తర్వాత గదికో స్నానాల గది ఉన్న హోటళ్లొచ్చాయి. ఇక్కడేమో అగ్నిప్రమాదాలకు తట్టుకునేలా వేసిన మందపాటి అంతస్తుల గుండా పైపులు దింపడం తలకు మించిన పనైంది. నాడు గొప్పగా చెప్పుకున్న గట్టిదనమే గుదిబండగా మారింది. 1935లో హోటల్ మూతపడి, రైల్వే ఆఫీసులకు నెలవైంది.

1960ల తొలినాళ్లలో యూస్టన్ స్టేషన్ రాతి తోరణాన్ని కూల్చేశారు. తర్వాతి వంతు సెయింట్ పాంక్రాస్‌కొచ్చింది. కవి జాన్ బెచిమన్ వంటివారు గట్టిగా అడ్డుపడటంతో 1967లో ప్రభుత్వం దీన్ని అగ్రశ్రేణి రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. గండం గడిచింది కానీ ఆలనాపాలనా దక్కలేదు. 1980లలో ఆఫీసులూ వెళ్లిపోయాక ఖాళీగా పడి ఉండి, సినిమా షూటింగులకు అక్కరకొచ్చింది.

2007లో పారిస్ వెళ్లే యూరోస్టార్ రైళ్లు ఈ స్టేషన్‌కి మారాయి. ప్రయాణికులతో పాటు పెట్టుబడీ వచ్చింది. 2011లో సెయింట్ పాంక్రాస్ రినైసాన్స్ పేరుతో హోటల్ మళ్లీ తెరుచుకుంది. పై అంతస్తుల్లో కొంత భాగం అపార్ట్‌మెంట్లయింది.

పాత కట్టడాన్ని కూల్చకుండా ఆపితే సగం పనే అయినట్టు. దానికి మళ్లీ ఓ పని అప్పగిస్తేనే మిగతా సగం పూర్తవుతుంది. మన ఊళ్లలో పాత స్టేషన్ల భవితవ్యం తేల్చేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.