దోహాలో కాసినో ఎక్కడుంది?

మా తోడల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. హైదరాబాద్ వెళుతూ దారిలో దోహాలో రెండు రాత్రులు దిగుతాననీ, ఆ రెండు రోజులకీ ప్లాను నన్నే వెయ్యమనీ మెయిలు పెట్టాడు. చివర్లో ఓ వాక్యం: "అన్నయ్యగారూ, అక్కడంతా లాస్ వేగస్ లా ఉంటుందట కదా, మంచి కాసినో ఉన్న హోటలు చూడండి."

మనవాడు జూదగాడేం కాదు లెండి. ఏడాదికి రెండుసార్లు జేబులో యాభై డాలర్లు పెట్టుకుని అట్లాంటిక్ సిటీ వెళ్ళడం, అవి అయిపోగానే సముద్రం ఒడ్డున కాసేపు నడవడం, బఫే తిని ఇంటికి రావడం. అంతే. కానీ ఖతార్లో ఆ యాభై డాలర్లు పెట్టే చోటే లేదు. 2004 నాటి శిక్షాస్మృతి ప్రకారం జూదం నేరం. పెద్ద హోటళ్ళలో మందు దొరుకుతుంది గానీ పేకముక్క మీద రియాల్ పెడితే జైలే. గుర్రప్పందేలు ఉన్నాయి, ఒంటె పందేలు ఉన్నాయి, కానీ పందెం కాసేవాళ్ళు లేరు! పందెం లేని పందేలన్నమాట. షహానియాలో 2005 నుంచి ఒంటెల మీద పిల్లల బదులు చిన్న చిన్న రోబోలు కూర్చుంటున్నాయి. యజమానులు పక్క రోడ్డు మీద కార్లలో వెంటపడుతూ రిమోట్ నొక్కితే రోబో కొరడా ఝళిపిస్తుంది. చలికాలంలో వచ్చేవాళ్ళు ఇది తప్పక చూడాలి.

అలాగని "వేగస్ లా" అన్నమాట ఉత్తదేం కాదు. 2006లో తెరిచిన విలాజియో మాల్ లోపల కాలవుంది, కాలవలో పడవలున్నాయి, పైకప్పు మీద మబ్బులతో సహా ఆకాశం గీసుంది. ఇదంతా ఎక్కడో చూసినట్టుంటే ఆశ్చర్యం లేదు. లాస్ వేగస్ లో 1999లో కట్టిన వెనీషియన్ హోటల్లోనూ ఇంతే, 2007లో మకావ్ లో కట్టినదాంట్లోనూ ఇంతే. (ఈ మాల్ లోనే 2012 మే 28న జరిగిన అగ్నిప్రమాదంలో 19 మంది పోయారు, వాళ్ళలో 13 మంది పసిపిల్లలు. ఇక్కడున్నవాళ్ళెవరికీ ఆ పడవలు చూసినప్పుడు అది గుర్తు రాకుండా ఉండదు.) అది చాలదన్నట్టు పెర్ల్ అనే కృత్రిమ ద్వీపంలో కాలవలూ వంతెనలూ రంగు రంగుల ఇళ్ళతో ఇంకో వెనిస్ కట్టారు. అంటే కాసినో రిసార్టుకి కావలసిన హంగులన్నీ తెచ్చి కాసినో ఒక్కటీ వదిలేశారు.

తమాషా ఏమిటంటే, సర్కారు అనుమతితో నడిచిన మొదటి జూదశాల పుట్టింది ఆ అసలు వెనిస్ లోనే. పేరు రిడొట్టో. 1638లో తెరిచారు. కార్నివాల్ రోజుల్లో ఊరంతా ఎలాగూ ఆడుతోంది, ఆ ఆటేదో మా కళ్ళ ముందు, మాకు వాటా ఇస్తూ ఆడండన్నది ప్రభుత్వం. ఆడేవాళ్ళు ముఖానికి ముసుగు వేసుకోవాలి. బ్యాంకు నడిపేవాళ్ళు మాత్రం ముసుగు లేకుండా కూర్చునే కులీనులు, అందులో చాలామంది చితికిపోయిన ఇళ్ళవాళ్ళు. 1774లో, జనం ఆస్తులు తగలేసుకుంటున్నారని మూసేశారు. కాసినో అన్న మాట కూడా ఇటాలియనే, చిన్న ఇల్లు అని అర్థం.

మరి ఇక్కడెందుకు లేదు అంటే "ఇస్లాంలో నిషేధం కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నిజమే గానీ, నిషేధించారంటే అంతకు ముందు ఉన్నట్టేగా. పాత అరబ్బుల జూదం పేరు మైసిర్. ఒక ఒంటెని అప్పు మీద కొని కోస్తారు. పది బాణాలు తీసుకుంటారు. ఏడింటికి ఒకటి నుంచి ఏడు దాకా వాటాలు, మిగతా మూడూ ఉత్తివి. సంచిలోంచి తీసిన బాణాన్ని బట్టి మాంసం వాటా. ఉత్తి బాణం వచ్చినవాడు ఒంటె ఖరీదు కట్టుకోవాలి. గెలిచినవాడు ఆ మాంసం ఇంటికి పట్టుకెళ్ళడం పరువు తక్కువ, ఊళ్ళో బీదలకి పంచాలి. కరువు చలికాలంలో అదొక దానధర్మం లాంటిది. ఖురాన్ కూడా ఒకచోట మద్యంలోనూ మైసిర్ లోనూ కొంత మేలుంది, కీడే ఎక్కువ అని చెప్పి, మరోచోట పూర్తిగా మానమంటుంది. మన పెద్దలకీ ఈ బాధ తెలుసు. ఋగ్వేదం పదో మండలంలో పాచికలాడి పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడి ఏడుపు ఒక సూక్తం నిండా ఉంది, ధర్మరాజు సంగతి సరేసరి. ఈమధ్య కాలానికొస్తే, సికింద్రాబాద్ లోని ఒక క్లబ్బు కేసులోనే 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చింది. ఇప్పటికీ ఎక్కడ రమ్మీ మీద గొడవ వచ్చినా లాయర్లు మన సికింద్రాబాదునే తలుచుకుంటారు.

కానీ నా ఉద్దేశంలో మతం ఒక్కటే పూర్తి జవాబు కాదు. కాసినో పట్నాల చరిత్ర వరుసగా చూస్తే ఒక సంగతి కనబడుతుంది. మొనాకో సంగతే తీసుకోండి. ఆ చిన్న సంస్థానానికి ఆదాయం తెచ్చిపెట్టిన మెంటోన్, రోక్‌బ్రూన్ ఊళ్ళు 1848లో తిరగబడ్డాయి, 1861లో ఫ్రాన్సు చేతికి పోయాయి. ఖజానా ఖాళీ. అప్పటికే జర్మనీలోని హోంబుర్గ్ స్నానాల ఊళ్ళో జూదశాల నడిపి చెయ్యి తిరిగిన ఫ్రాన్స్వా బ్లాంక్ అనే ఆయన్ని 1863లో పిలిపించారు. ఆయన హోంబుర్గ్ లో రూలెట్ చక్రం మీద రెండు సున్నాల బదులు ఒకటే ఉంచి జనాన్ని లాగినవాడు. (37 గళ్ళు, గెలిస్తే 35 రెట్లు, అంటే దీర్ఘకాలంలో నూటికి 2 రూపాయల 70 పైసలు చక్రానివి. అమెరికాలో రెండు సున్నాలు, 5 రూపాయల 26 పైసలు. మా తోడల్లుడికి ఈ లెక్క పెళ్ళైన కొత్తలోనే చెప్పాను.) 1868లో రైలు వచ్చింది, 1869లో మొనాకో వాళ్ళకి పన్నులు తీసేశారు. అయితే సొంత పౌరులు మాత్రం ఆ కాసినోలో ఆడకూడదు! ఊరికి పోయించేది బయటివాడి డబ్బే కావాలి.

నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది 1931 మార్చిలో, మహా మాంద్యం నడిమధ్య. అట్లాంటిక్ సిటీ విహారపట్నంగా పాడుబడ్డాక 1976లో జనం ఓటేస్తే, 1978లో మొదటి కాసినో తెరిచారు. అంటే చేతిలో వేరే ఆదాయం లేనివాళ్ళు కాసినో తెరుస్తారు. గల్ఫ్ లోనూ అంతే చూడండి. ఎమిరేట్స్ లో జూదానికి నియంత్రణ సంస్థ 2023లో ఏర్పడింది. 2024లో మొదటి కాసినో లైసెన్సు వెళ్ళింది అబుదాబికి కాదు, చమురు పెద్దగా లేని రస్ అల్ ఖైమాకి.

మరి నెవాడా ఆ చట్టం చేసిన 1931లో ఖతార్ పరిస్థితి ఏమిటి? అంతకన్నా ఘోరం. ఎందుకంటే అప్పటిదాకా ఈ దేశం మొత్తం ఒకే ఒక జూదం మీద బతికింది. ముత్యాలు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ అధికారి లోరిమర్ లెక్కలు రాసేనాటికి ఖతార్ జనంలో దాదాపు సగం మంది ముత్యాల పనిలోనే ఉన్నారు. ఎండాకాలం నాలుగు నెలలు పడవలు సముద్రం మీదే. మునిగేవాడు ముక్కుకి క్లిప్పు, కాలికి రాయి కట్టుకుని కిందికి పోతాడు, మెడలో బుట్ట. ఒకటి, ఒకటిన్నర నిమిషంలో ఆల్చిప్పలు ఏరుకుని తాడు లాగితే పైనున్న వాడు లాగేస్తాడు. ఇలా రోజుకి పదుల సార్లు. తిండి ఖర్జూరం, కొంచెం అన్నం, చేప. తెచ్చిన చిప్పలన్నీ ఒకే కుప్పలో వేసి మర్నాడు ఉదయం నాయకుడి కళ్ళ ముందు విప్పుతారు. ఏ చిప్ప ఎవడు తెచ్చాడో ఎవడికీ తెలియకూడదు. వందల చిప్పలు విప్పినా ఒక్క మంచి ముత్యం రాకపోవచ్చు. స్వాతి కార్తె చినుకు పడితే ముత్యమవుతుందని మనవాళ్ళన్నట్టే, ఇక్కడి వాళ్ళూ వానచుక్కే ముత్యమని చెప్పుకున్నారు. ఏ చుక్క ఎక్కడ పడిందో మాత్రం ఎవడికి తెలుసు?

అసలు జూదం చిప్పలో లేదు, ఖాతా పుస్తకంలో ఉంది. మునిగేవాడు సీజనుకి ముందు నఖూదా, అంటే పడవ నాయకుడి దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు, ఇంట్లో వాళ్ళు ఆ నాలుగు నెలలూ తినాలిగా. సీజను చివర లెక్క చూస్తే ఖర్చులు పోగా వాడి వాటా అడ్వాన్సుకి సరిపోదు. మిగిలిన బాకీ వచ్చే ఏడాదికి. బాకీ తీరేదాకా ఇంకో పడవ ఎక్కడానికి లేదు. తండ్రి చనిపోతే బాకీ కొడుకు మీదికి. నఖూదా కూడా సుఖపడ్డాడనుకోకండి, వాడికి షావుకారు అప్పిచ్చాడు, ఆ షావుకారు బొంబాయి ధర మీద ఆధారపడ్డాడు. అక్కణ్ణుంచి ముత్యాలు మన హైదరాబాదు నిజాముల మెడల దాకా వచ్చాయి. మనం బస్రా ముత్యాలు అని పిలిచేవి బస్రావి కావు, ఈ నీళ్ళలోవే. 

కూలింది ఒక్క దెబ్బతో కాదు, రెండు దెబ్బలు కలిసి. జపాన్ లో మికిమోటో 1893లో పెంపకం ముత్యం తీశాడు, 1920ల్లో గుండ్రటి పెంపకం ముత్యాలు బజారుకెక్కాయి. 1929లో మాంద్యం వచ్చి కొనేవాళ్ళు పోయారు. ఖతార్లో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1935లో చమురు ఒప్పందం కుదిరి, 1939లో దుఖాన్ లో చమురు పడినా, యుద్ధం వల్ల బావులు మూసేశారు. మొదటి చమురు ఓడ కదిలింది 1949 డిసెంబరు చివర్లో. మధ్యలో గడిచినవి ఆకలేళ్ళు. దుఖాన్ లో ఆ బావి పడకపోతే ఈ ఎడారి తీరంలోనూ ఏ బ్లాంకో వచ్చి చక్రం తిప్పేవాడేమో, చెప్పలేం. అన్నట్టు అప్పటికి ఇక్కడ చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోటు వేసింది. 1966లో మనం రూపాయి విలువ తగ్గించాకే వీళ్ళు వదిలేశారు.

ఆ ఖాతా పుస్తకం గురించి చదివినప్పుడల్లా నాకు ఇండస్ట్రియల్ ఏరియా గుర్తొస్తుంది. శుక్రవారం పూట అక్కడికి వెళ్తే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ తెలుగు వినబడుతుంది. "అన్నా, వీసాకు తెచ్చిన బాకీ కట్టుడుకే రెండేండ్లు పాయె" అన్నాడొకతను, చాలా మామూలుగా. చట్టం ఈమధ్య బాగానే మారింది. 2018లో చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు, 2020లో యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారే వీలిచ్చారు, 2021 మార్చి నుంచి కనీస జీతం వెయ్యి రియాళ్ళు. కానీ ఆ అప్పు రాసిన పుస్తకం దోహాలో లేదు, ఊళ్ళో వడ్డీకిచ్చినవాడి దగ్గరుంది. ఏజెంటు చూపించిన జీతం వస్తుందో రాదో తెలియకుండానే ఆడదాని పుస్తెలతాడు తాకట్టు పెట్టి విమానం ఎక్కుతారు. మా తోడల్లుడి యాభై డాలర్లకి రూలెట్ చక్రం నూటికి అయిదు తీసుకుంటుంది. అక్కడ నూటికి రెండూ మూడూ, అదీ నెలకి.

సరే, ప్లానుకొద్దాం. మొదటి సాయంత్రం విలాజియో వద్దన్నాను, వెనీషియన్ వాడికి తెలిసిందే. సూక్ వాకిఫ్ చాలు. పాత బజారుని 2000ల్లో మళ్ళీ పాతగా కట్టారు, అయినా బాగుంటుంది. డేగల దుకాణాలు పిల్లలకి నచ్చుతాయి. రెండో రోజు ఉదయం కారు తీసుకుని వంద కిలోమీటర్ల పైన వాయవ్యంగా జుబారా. పద్దెనిమిదో శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగి 1811లో తగలబడిన ఊరు, 2013 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కోట చిన్నదే, దాని కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు. పక్కన ఇసకలోంచి తవ్వి తీసిన ఊరి గోడల కోసం వెళ్ళాలి. నీళ్ళూ టోపీ మరిచిపోవద్దు.

మధ్యాహ్నం నేషనల్ మ్యూజియం. 2019లో తెరిచారు, ఎడారి గులాబీ రాయి ఆకారంలో జాన్ నూవెల్ కట్టిందది. లోపల బరోడా మహారాజా ఖండేరావు గైక్వాడ్ 1865 ప్రాంతంలో చేయించిన ముత్యాల తివాచీ ఉంది. మదీనాలో ప్రవక్త సమాధికి కానుకగా అనుకున్నాడంటారు, అక్కడికి చేరలేదు. దాదాపు పదిహేను లక్షల ముత్యాలు, అన్నీ ఈ తీరపు నీళ్ళవే. 2009లో దోహాలోనే వేలం వేస్తే 55 లక్షల డాలర్లు పలికింది. ఆ హాల్లో వెలుతురు తక్కువ, కాసేపు నిలబడితే గానీ ఒక్కో ముత్యం విడిగా కనబడదు. శుక్రవారమైతే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి గానీ తలుపులు తెరవరు, టికెట్ ముందే కొనుక్కోమని రాశాను.